రెండో మిణుకు

నవంబరు తొమ్మిది. ఆ రోజు వాళ్ళు తిన్నది ఉడకబెట్టిన గుడ్లూ, రొట్టే. మిరియాల పొడిని కాగితంలో బుల్లి పొట్లంగా కట్టి మరీ తెచ్చింది కానీ ఆయన భార్య ఉప్పు మరిచిపోయింది, ఆ చప్పటి గుడ్డు రుచి ఇన్నేళ్ళ తరవాత ఆసుపత్రి వసారాలో, వెన్నులోకి చలి ఎక్కించే ఈ ఇనప కుర్చీలో కూర్చున్నప్పుడు నాలుక మీదికి ఎందుకొచ్చిందో ఆయనకి తెలుసు, తెలిసీ తెలియనట్టు కూర్చున్నాడు. ఎదురుగా అద్దం. అద్దానికి అవతల పెట్టెలు. పిల్లని పెట్టెలో పెట్టారు అని అందరూ ఎంత తేలిగ్గా అంటారో, ఏదో బొమ్మని అట్టపెట్టెలో పెట్టినట్టు. కిటికీ పక్కనున్న పెట్టెలో ఆయన మనవరాలు ఉంది. నెలలు నిండకుండా తొందరపడి వచ్చేసింది, ఆయన అరచెయ్యంత వీపు, దాని మీద నూగు, టోపీ కింద ఇంకా ఎవరి పోలికో తేలని మొహం. పెట్టె లోపల వెచ్చదనం ఎంత ఉండాలో చూసుకునేది పెట్టెకి కింద అమర్చిన చిన్న కంప్యూటరు. దాన్ని తయారుచేసింది ఆయనే. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలీదు, చెబితే నవ్వుతారేమోనని కాదు, చెప్పాక వచ్చే రెండో ప్రశ్నకి తన దగ్గర జవాబు లేదని.

ఇందాక జేబులో టెస్టరు పెట్టుకుని ఒకతను వసారా అంతా వినబడేలా చెప్పిపోయాడు. కింద మెయిన్ బోర్డు మారుస్తున్నారట, ఈ గంటలో ఎప్పుడో ఒకప్పుడు కరెంటు పోతుందట, జనరేటరు అందుకుంటుందట, కంగారుపడొద్దట. "ఎప్పుడు పోతుంది బాబూ?" అని ఆయన అడిగితే, "పోయినప్పుడు తెలుస్తుంది లెండి" అని మెట్లు దిగిపోయాడు. తప్పేమీ అనలేదు అతను. కరెంటు గురించి ఇంతకంటే నిజమైన మాట ఎవరూ అనలేదు. అయినా ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయన చూపు పెట్టె కిందనున్న ఆకుపచ్చ దీపం మీదే ఉంది, గింజంత దీపం, మామూలుగా ఆరిపోయి ఉంటుంది, లోపల ఏదైనా రాసుకుంటున్నప్పుడు మాత్రం గబగబా మిణుకుతుంది. ఎంత వేడి కావాలని నర్సు చెప్పిందో, పిల్ల ఒంటి వేడి ఇంతవరకూ ఎలా నడిచిందో, అన్నీ లోపలున్న చిప్‌లో రాసుకుంటుంది. కరెంటు పోయినా చెరగని రాత. అలా అని నమ్మే ఆయన ఆ చిప్‌లు తెచ్చాడు మొదట్లో, చిప్‌ల అట్ట మీద అచ్చువేసి మరీ అమ్మేవాడు దుకాణదారు, చెరగదు సార్, రాతి మీద రాసినట్టే అని. చెరగదు నిజమే, రాయడం పూర్తయితే. రాస్తూ ఉండగా పోతే ఏమవుతుందో దుకాణదారు చెప్పలేదు. ఆయనా అడగలేదు. ఆ చిప్‌లో ఒక్క అంకె మార్చాలన్నా పలక మొత్తం తుడిచి మళ్ళీ రాయాలి. తుడవడం అయ్యాక, రాయడం మొదలవకముందు, కంటి రెప్పపాటు కూడా కాని ఒక వేళ ఉంటుంది, అప్పుడు పలక మీద పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఆ వేళలో కరెంటు పోతే, తిరిగొచ్చాక పెట్టెకి తానెవరో తెలీదు. తెర నల్లగా ఉండిపోతుంది. వేడి తీగ వెలగదు.

వర్క్‌షాపులో ఆ నవంబరుకి ముందు వాళ్ళు పరీక్షలు చెయ్యలేదా అంటే చేశారు, చేతులు నొప్పిపుట్టేలా చేశారు. ఆయన, ఆయన భాగస్వామి తొందరబాబు, తొందరబాబు అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో, ఇద్దరూ వంతులేసుకుని ప్లగ్గు పీకడం, పెట్టడం, తెర మీద అంకెలు వచ్చాయా, వచ్చాయి, మళ్ళీ పీకడం. ఒక్కసారి కూడా తప్పలేదు పెట్టె. తొందరబాబు మీసం తిప్పి, ఇది మనకంటే గట్టిపిండం గురువుగారూ అన్నాడు. అప్పుడు వచ్చింది ఆవిడ, కాలేజీలో మధ్యాహ్నం క్లాసు లేదని, వృక్షశాస్త్రం చెప్పిన చేతులతోనే గుడ్ల డబ్బా పట్టుకుని. టీ పెడదామని కెటిలు తీసుకుంది, గోడకున్న ఒక్క సాకెట్టులోనూ పెట్టె ప్లగ్గు ఉంది, ఆవిడ ఆ ప్లగ్గు పీకేసి కెటిలు పెట్టేసింది, ఆయనతో మాట్లాడుతూనే, అటు చూడకుండానే. టీ తాగారు. తాగాక పెట్టెకి కరెంటు ఇస్తే తెర నల్లగా ఉండిపోయింది. తొందరబాబు ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టి చూశాడు. "అమ్మగారూ, ఏం చేశారు?" అన్నాడు. "ప్లగ్గు పీకాను, మీరు పొద్దుట్నుంచీ చేస్తున్నదేగా" అంది ఆవిడ. ఏదీ, మీరెలా పీకుతారో చూపించండి అంది. తొందరబాబు చూపించాడు. వంగాడు, ప్లగ్గు మీద చెయ్యి వేశాడు, ఆకుపచ్చ దీపం మిణుకుతోంది, అది ఆగేదాకా ఆగాడు, పీకాడు. ఆయనా అంతే. ఇద్దరిలో ఎవరికీ తాము ఆగుతున్నామని తెలీదు. మాట్లాడుతున్న మనిషిని మధ్యలో ఆపడం మర్యాద కాదన్నట్టు, వాళ్ళ చేతులు తమంతట తామే ఆ యంత్రం మాట ముగించేదాకా నిలబడ్డాయి. ఆవిడ నవ్వలేదు. గుడ్డు పెంకు ఒలుస్తూ, "కరెంటు పోయేముందు మీ దీపం వంక చూసి పోతుందా?" అంది.

తొందరబాబైతే ఆ పూట అన్నం తినలేదు. తరవాత వాళ్ళు ఒక రిలే తగిలించారు, వేళాపాళా లేకుండా దానంతటది కరెంటు తీసి పెట్టేది, పగలంతా టక్కు టక్కుమంటూ. దానికి అత్తగారు అని పేరుపెట్టింది కూడా ఆవిడే, ఎవర్నీ మాట పూర్తిచెయ్యనివ్వదు కనక. అత్తగారు మొదటి రోజే ముగ్గుర్ని బలితీసుకుంది అని తొందరబాబు ఫోనులో చెప్పేవాడు, ముగ్గురంటే మూడు చిప్‌లు. కొత్త పద్ధతి మటుకు ఆయనకి ఇంట్లో తట్టింది, అంతకుముందెప్పుడో చూసిన దృశ్యంలోంచి, నిద్రపోతున్న పసిపిల్లని ఆవిడ తన భుజం మీంచి ఆయన భుజం మీదికి మార్చడం. ఆయన చెయ్యి కింద సరిగ్గా పడిందా, మెడ ఆనిందా, అది తెలిసేదాకా ఆవిడ చెయ్యి తియ్యదు. పట్టుకున్నారా? పట్టుకున్నాను. నిజంగా? అప్పుడు వదిలేది. అంతే కదా మరి. పాతది తుడవద్దు. కొత్తది వేరే చోట రాయి. రాసింది మళ్ళీ చదువు, సరిపోయిందా చూడు, అప్పుడు పాతదాన్ని వదులు. ఈ మాత్రం దానికి అన్ని నెలలు పట్టింది. కొత్త పెట్టెలు అత్తగారికి ఎదురునిలిచాయి. అప్పటికే అమ్మిన పాతవాటిని ఊరూరా తిరిగి పట్టుకున్నారు, విప్పి చిప్‌లోది మార్చారు. అన్నీ దొరికాయా. అదే రెండో ప్రశ్న. కొన్ని ఒక ఆసుపత్రి నించి ఇంకో ఆసుపత్రికి చేతులు మారాయి, కొన్ని స్టోరు గదుల్లో పడున్నాయన్నారు. దొరకనివి ఉన్నాయి. పైకి పాతదీ కొత్తదీ ఒకేలా ఉంటాయి, అదే తెల్ల రంగు, అదే నాబు, అదే గింజంత దీపం. తేడా ఒక్కటే. కరెంటు తిరిగొచ్చినప్పుడు కొత్తది రెండుసార్లు మిణుకుతుంది, రాసింది చదివానని ఒకటి, సరిపోయిందని ఒకటి. పాతది మిణకదు. అంటే ఈ పెట్టె ఏదో తెలియాలంటే కరెంటు పోవాలి.

మధ్యాహ్నం యంత్రాలు చూసే అతన్ని పట్టుకుని అడిగాడు, ఈ పెట్టెకి లోపల చిప్‌లోది ఎప్పుడైనా మార్చారా అని. "నేను చేరాక మార్చలేదండీ. నేను చేరకముందు సంగతి గోడలకే తెలియాలి" అన్నాడతను. మంచివాడే, విసుక్కోలేదు. ఇంకో పెట్టె ఉందా అంటే అన్నిట్లోనూ పిల్లలున్నారు. తల్లి గుండె మీద పడుకోబెడదామంటే తల్లికి జ్వరం, పక్క వార్డులో సెలైనుతో ఉంది. అల్లుడు ఇంకా రైల్లో ఉన్నాడు. అందుకని ఇప్పుడు ఆయన లేచి అద్దం తలుపు కొంచెం తీసి నర్సుని పిలిచాడు. "అమ్మా, ఒక చిన్న మాట. కరెంటు పోయే వేళకి ఆ పెట్టె నాబు ముట్టుకోకండి." నర్సు మాస్కు పైనుంచి చూసింది. "ఎప్పుడు పోతుందో మీకు తెలుసా పెద్దాయనా?" "తెలీదమ్మా." "నాకూ తెలీదు. మరి పిల్ల కాళ్ళు చల్లబడితే ఫ్యాను కింద కూర్చుని ఆలోచించమంటారా?" ఆ అమ్మాయి మళ్ళీ ఏమనుకుందో, "కూర్చోండి, దాహమైతే నీళ్ళు అక్కడున్నాయి" అంది కాస్త మెత్తగా. అది చాలా పెద్ద సంగతిగా తోచింది ఆయనకి. నీళ్ళు తాగాడు.

ఫోను మోగింది, కూతురు, గోడకి అవతలి నించే. "నాన్నా, కళ్ళు తెరిచిందా?" తెరిచిందమ్మా, ఇందాక ఒకసారి. "ఎవరిలా ఉంది?" నువ్వు పడుకో, జ్వరం తగ్గనీ, నువ్వే చూసి చెబుదువు. "మీ గొంతేంటి అలా ఉంది?" గొంతుకేమైంది, బాగానే ఉంది, చల్లనీళ్ళు తాగాను. వాళ్ళమ్మలాగే పట్టేస్తుంది ఇది. గొంతు పట్టేస్తుంది, అబద్ధం పట్టేస్తుంది, పట్టుకున్నాక మాత్రం సరే నాన్నా అంటుంది. సరే నాన్నా అంది. ఫోను పెట్టేశాక కూడా ఆయన దాన్ని చెవి దగ్గరే ఉంచుకున్నాడు. ఫోను పెట్టేశాక వినబడే ఆ ఖాళీ అంటే ఆయనకి భయం, ఆవిడ పోయిన దగ్గర్నుంచి. ఆఖరి రోజు మధ్యాహ్నం కాలేజీ స్టాఫు రూము నించి ఫోను చేసింది ఆవిడ. "ఇదిగో, వచ్చేటప్పుడు ఆ నీలం" అంది. అంతే. తరవాత కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో మేడమ్ మేడమ్ అనడం, ఖాళీ. నీలం ఏమిటి. ఇల్లంతా వెతికాడు, నీలంగా ఉన్నవన్నీ తీసి మంచం మీద పరిచాడు ఒకరోజు, నీలం తువ్వాలు, నీలం మూత సీసా, కూతురి చిన్నప్పటి నీలం రెయిన్‌కోటు, ఆవిడ ఆకులు ఎండబెట్టి అతికించుకునే నీలం అట్టల పుస్తకం. వచ్చేటప్పుడు ఆ నీలం తువ్వాలు తెండి. వచ్చేటప్పుడు ఆ నీలం గేటు ఇంట్లో అడగండి. దేన్ని పెట్టినా అతకదు, దేన్ని పెట్టినా ఆవిడ గొంతు కాదు.

తొందరబాబు ఒకసారి వారం రోజులు జుట్టు పీక్కున్నాడు, వీటి దుంపతెగ గురువుగారూ, ఇది విన్నారా, చిప్‌లో కొత్త పేజీ రాస్తుంటే కరెంటు తీస్తే పాత పేజీ పాడైపోతోంది, ఎప్పుడో రాసి, ముగించి, సరిచూసుకున్న పేజీ అండీ. అది ఆ చిప్‌ల గుణం. ఒకే గదిలో ఇద్దర్ని కాపురం పెట్టినట్టు రెండు పేజీల రాతని ఒకే చోట ఇరికిస్తారు, చోటు కలిసొస్తుందని. రెండోది రాస్తూ మధ్యలో ఆగిపోతే దాంతోపాటు మొదటిదీ చెదిరిపోతుంది. భద్రంగా ఉందనుకున్నది. అది విన్నప్పుడు ఆయనకి లెక్కగా మాత్రమే అర్థమైంది. అందుకే రెండు ప్రతుల్నీ పక్కపక్కన పెట్టొద్దు, ఎడంగా పెట్టు అని తీర్మానించుకుని, అది సరిచేసి, టీ తాగారు. ఆవిడ పోయాక వేరేలా అర్థమైంది. ఆ సగం మాట దగ్గరే ఆగిపోవడం, అక్కణ్ణించి వెనక్కి వెళ్దామంటే వెనకవి రావడం లేదు. కలిసి బతికిన ఇన్నేళ్ళలో ఏ రోజుని తెరిచినా చివర్న ఆ కుర్చీ చప్పుడే. గుడ్ల డబ్బా రోజు కూడా ఈ సాయంత్రం వరకూ రాలేదు. ఇప్పుడెందుకు వచ్చింది, ఆ పెట్టె ఎదురుగా ఉందని వచ్చింది, ఉప్పు లేదని ఆవిడ నాలుక కొరుక్కోవడంతో సహా వచ్చింది, రాకపోయినా బాగుండేదేమో, వచ్చింది కనకే ఈ పిల్లకేమైనా అయితే అదీ దీంతో పాటే, ఆపు, ఆపు.

నర్సు పిల్ల పాదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని చూస్తోంది. ఆ పాదం బొటనవేలంత. నర్సు తల అడ్డంగా ఆడించింది, చల్లగా ఉందన్నట్టు. ఆ అమ్మాయి చెయ్యి నాబు వైపు వెళ్ళింది. ఆయన లేచి నిలబడ్డాడు. వద్దమ్మా అనాలి, ఎందుకు వద్దు, పిల్లకి చలేస్తోంది, తిప్పాల్సిందే, తిప్పు తల్లీ, త్వరగా తిప్పు, అది రాసుకోవడం అయిపోనీ, ముందు అది అయిపోనీ. నాబు తిరిగింది. తెర మీద అంకె పెరిగింది. ఆకుపచ్చ దీపం గబగబా మిణకడం మొదలుపెట్టింది. ఆయన చెయ్యి తనకి తెలియకుండానే గాల్లోకి లేచి, ఆగమన్నట్టు, ఎవరిని ఆగమన్నట్టో, తెరిచి నిలబడిపోయింది. కరెంటు పోయింది.

చీకటి ఒక్కసారిగా వచ్చి మొహం మీద పడింది. పెట్టెలన్నీ ఒకదాని తరవాత ఒకటి కూతపెట్టాయి, వాటిలో ఉండే చిన్న బ్యాటరీకి ఏడవడం ఒక్కటే చాతనవును, వెచ్చబెట్టడం చాతకాదు. నర్సు గొంతు చీకట్లో నెమ్మదిగా, ఎవరూ కదలొద్దు, అక్కడే ఉండండి అంటోంది. టార్చి వెలిగింది. దీపం మిణుకుతుండగా పోయింది. మిణుకుతుండగా. ఇంత పెద్ద గంటలో వెతికి వెతికి ఆ ముక్కలోనే పోయింది, అత్తగారు కూడా ఇంత కచ్చితంగా పీకలేదు ఎప్పుడూ, ఆవిడ ఒక్కతే పీకింది ఇలా, గుడ్లు తెచ్చిన రోజు. అద్దం మీద ఆయన అరచెయ్యి ఆనించి ఉంది, అద్దం చల్లగా ఉంది, లోపల గాలి ఎంతసేపు వెచ్చగా నిలుస్తుంది, మూత తియ్యకుంటే కాసేపు నిలుస్తుంది, తియ్యొద్దమ్మా, తియ్యదు, ఆ అమ్మాయికి తెలుసు, మూత మీద దుప్పటి కప్పుతోంది చూడు, ఎవరూ చెప్పకుండానే. కొత్తదైతే రెండోచోట రాస్తూ ఉండుంటుంది, పాతది ఎడంగా, ఒకే గదిలో కాదు, ఎడంగా భద్రంగా ఉంటుంది. పాతదైతే తుడిచేసి ఉంటుంది. పట్టుకున్నారా. పట్టుకున్నాను. నిజంగా? కింద ఎక్కడో జనరేటరు దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గింది.

వెలుతురు వచ్చింది. ట్యూబులైట్లు కొట్టుకుంటూ వెలిగాయి. అవతలి పెట్టెల మీద అంకెలు ఒక్కొక్కటే మేలుకున్నాయి, అవి వేరే కంపెనీవి. కిటికీ పక్క పెట్టె తెర నల్లగా ఉంది. ఆయన దీపం వంక చూస్తున్నాడు. మిణకలేదు. మిణకలేదు. మిణికింది. ఒకటి. కొత్తదే, ఎవరో ఎప్పుడో ఈ ఊరికి వచ్చి విప్పి మార్చి వెళ్ళారు, తొందరబాబే అయ్యుంటాడు, దుమ్ములో బస్సెక్కి వచ్చి, ఎవరూ చూడకుండా, ఎవరికీ చెప్పకుండా. రెండోది వెంటనే రావాలి. రాలేదు. ఆ ఆలస్యం ఏమిటో ఈ గదిలో ఆయనొక్కడికే తెలుసు. కొత్త ప్రతి చదివింది, లెక్క సరిపోలేదు, సగమే ఉంది. ఇప్పుడు ఆ సగాన్ని నమ్మదు, పూర్తిచెయ్యాలని చూడదు, దాన్ని ఉన్నచోటే వదిలేసి ఎడంగా ఉన్న పాతదాని దగ్గరికి నడుస్తోంది. నడు. నడు నాన్నా. అది కూడా చెదిరితే ఇక ఏమీ లేదు. దీపం మిణికింది. రెండోది. తెర మీద అంకెలు వచ్చాయి, వేడి తీగ గుర్తు ఎర్రగా వెలిగింది, దుప్పటి కింద పిల్ల కాలు ఎవరినో తన్నినట్టు కదిలింది.

నర్సు తెర చూసి మూతి విరిచింది. తలుపు తీసి ఆయన వైపే అంది, ఇందాకటి మాట గుర్తొచ్చిందేమో. "చూశారా పెద్దాయనా, ఇప్పుడేగా పెంచాను, మళ్ళీ పాతదే చూపిస్తోంది. మతిమరుపు పెట్టె." ఆయన గోడ పట్టుకున్నాడు, నవ్వు వచ్చింది, నవ్వితే ఏడుపయ్యేలా ఉంది. "పాతది గుర్తుంది కదమ్మా" అన్నాడు. "అది చాలు. కొత్తది మళ్ళీ ఒకసారి చెప్పండి దానికి." "చెబుతాను, నాకేం పోయింది" అంటూ ఆ అమ్మాయి నాబు తిప్పింది. దీపం గబగబా మిణికి, తీరిగ్గా ఆగింది. ఆయన అది ఆగేదాకా చూశాడు. తరవాత ఆ అమ్మాయి రమ్మన్నట్టు చెయ్యి ఊపి, చేతులు కడిగించి, గౌను తొడిగించి, ఒక్క నిమిషమే సుమండీ అని పెట్టె పక్కన నిలబెట్టింది. గుండ్రటి కంతలోంచి ఆయన ఒక వేలు పెట్టాడు. పిల్ల దాన్ని పట్టుకుంది. పట్టుకోవడం అంటే అంతా ఇంతా కాదు. వేలు వెనక్కి తీసుకోవడానికి ఆయన చాలాసేపు ఆగాల్సొచ్చింది, అటువైపు పట్టు సడలేదాకా.

కూతురికి ఫోను చేసి కాళ్ళు వెచ్చబడ్డాయని చెప్పాడు. ఈసారి గొంతు గురించి అది ఏమీ అడగలేదు. కుర్చీలోంచి సంచీ తీసుకుంటుంటే నీలం అన్న మాట అలవాటుగా నోటి దాకా వచ్చింది. ఆయన దాన్ని పూర్తిచెయ్యబోలేదు. సగమే ఉంది, ఉండనీ. దానికి ముందు ఆవిడ అన్నది ఏమిటి, ఆ రోజు పొద్దున. ఇంతవరకూ ఎప్పుడూ తనని తాను అడగలేదు అది. పూర్తిగా ఉన్న మాట కనక ఎవరూ వెతకలేదు దాన్ని. ఆ పొద్దున ఆయన వర్క్‌షాపుకి బయల్దేరుతుంటే కూతురు రాత్రంతా పరీక్షకి చదివి అప్పుడే కళ్ళు మూసింది, ఆవిడ వంటగదిలోంచి తడిచేతులతో వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది, రోజూ చెప్పేదే, అందుకే వినీ విననట్టు వెళ్ళిపోయాడు. ఒక్క అక్షరం పోలేదు. గొంతు కూడా అదే.

"చూసే వేళ అయిపోయింది పెద్దాయనా, ఇక రేపు రండి" అంది నర్సు లైట్లు తగ్గిస్తూ. "వెళ్తూ ఆ తలుపు వేసెయ్యండి." ఆయన గడప దగ్గర ఆగాడు. మెల్లిగా వెయ్యండి, పాప పడుకుంది, ఆ పొద్దున ఆవిడ అన్న మాట. పిడిని చివరిదాకా తిప్పి పట్టుకుని, తలుపు చట్రానికి పూర్తిగా ఆనిందని చేతికి తెలిసేదాకా ఆగి, అప్పుడు వదిలాడు. చప్పుడు కాలేదు.